ముసలి పొట్టేలు, పచ్చి బొప్పాయి

ఇటు జరగండి, నా పక్కన చాప మీద చోటుంది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటే చాపుకోండి, ఇక్కడ అడిగేవాళ్లు లేరు. నా గొంతు ఇదివరకటిలా దూరం పోదు, అందుకే దగ్గరికి రమ్మంటున్నాను. నేను చదివింది మా పెద్దవాడి పలక మీద నాలుగు అక్షరాలు. వండింది మాత్రం నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లలో ఎప్పటికీ మరిచిపోలేని వంట ఒకటుంది, అది చెప్తాను.

పంతొమ్మిది వందల నలభై ఏడు, ఎండాకాలం. నిజాం జమానా ఇంకా నడుస్తోంది. నాకు అప్పుడు ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. మాది నార్సింగి. ఇటు పుప్పాలగూడ నుంచి అటు కొండాపూర్ దాకా ఎవరింట్లో దావతు జరిగినా, మాంసం వండాలంటే నన్నే పిలిచేవాళ్లు. కూరల నర్సమ్మ అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవాళ్లు. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన ఆ గుట్టల్లో అప్పుడు గొర్రెలు మేసేవి. ఒక బండ దిగితే ఇంకో బండ, మధ్యలో సీతాఫలం పొదలు.

ఈ పని నాకు మా అత్త నేర్పింది. ఆమె వయసులో ఉన్నప్పుడు పట్నంలో ఒక నవాబు గారి బావర్చీఖానాలో, అంటే వంటశాలలో, మసాలాలు నూరేది. నూరుతూ నూరుతూ అక్కడి వంటవాళ్ల చేతులు చూసి పని పట్టుకుంది. నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టిన మొదటి రోజే ఒక మాట చెప్పింది. "మాంసానికి మూడు వయసులు అడగాలె బిడ్డా. జీవానిది ఎంత వయసు? కోసి ఎంతసేపయింది? మెత్తబెట్టే కాయ ఎంత లేతది? మూడిట్ల ఏ ఒక్కటి అడగకున్నా నీ కూర నిన్ను బజార్ల నిలబెడ్తది."

ఆ మాట విడమరిచి చెప్పాలి. లేత గొర్రెపిల్లను కోసి నీడన వేలాడదీస్తే ఒక పూటలో దాని మాంసం దానంతట అదే వదులవుతుంది. దానిలోనే దాన్ని మెత్తబరిచే గుణం ఏదో ఉంటుంది. జీవం ముసలిదయ్యే కొద్దీ ఆ గుణం తగ్గిపోతుంది, నరం ముదిరిపోతుంది. వేలాడదీసినా బిగుసుకునే ఉంటుంది. అప్పుడు పచ్చి బొప్పాయి కావాలి. పచ్చి కాయను గీస్తే తెల్లటి పాలు కారతాయి చూడండి, ఆ పాలు మాంసాన్ని కొరుకుతాయి. కాయ ముదిరి పసుపెక్కే కొద్దీ పాలు ఇంకిపోతాయి, కొరికే పదును పోతుంది. పండిన బొప్పాయి తినడానికి తీపి, అంతే. మాంసానికి రాస్తే బెల్లం రాసినట్టే.

సరే, ఆ ఎండాకాలం సంగతి. ఊరి పేరు చెప్పను. ఆ ఊరి పటేలు మనుమలు, మునిమనుమలు ఇక్కడే ఉన్నారు, మంచి పిల్లలు, నన్ను చూస్తే పెద్దమ్మా అని పలకరిస్తారు. పెద్దల తప్పు వాళ్లకెందుకు?

అప్పట్లో సర్కారు అధికారి ఊళ్లు చూడడానికి వస్తే దాన్ని దౌరా అనేవాళ్లు. దౌరాకు వచ్చిన వాళ్లకు ఊరు ఊరంతా వెట్టి చేయాలి. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి నీళ్లు మోయాలి, గొర్రెలవాళ్లు ఒక జీవాన్నివ్వాలి. దాన్ని మామూలు అనేవాళ్లు. పైసా ఇచ్చేది లేదు. వండడానికి నేను పోయేది కూడా వెట్టికే.

ఆ ఊళ్లో మల్లవ్వ అని ఒక ఆమె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ముప్పై గొర్రెల మందను ఒక్కతే మేపుకునేది. నాకంటే పదేళ్లు పెద్దదయినా నన్ను అక్కా అనేది, నేనూ ఆమెను అక్కా అనేదాన్ని. కిందటి ఏడు మూడు దౌరాలయ్యాయి. మూడు సార్లూ పటేలు మనుషులు వచ్చి మందలో చక్కటి ఆడ గొర్రెపిల్లలను ఏరుకుని పట్టుకుపోయారు. ఆడపిల్లలు పోతే మంద ఎలా పెరుగుతుంది? అది మల్లవ్వ గుండెలో ముల్లులా గుచ్చుకుంది.

ఈసారి తహసీల్దారు వస్తున్నాడని కబురు రాగానే మల్లవ్వ తనే ముందు బయల్దేరి చావడి దగ్గరికి వచ్చింది. వెంట ఒక పొట్టేలు. అలాంటి ముసలి పొట్టేలును నేను అంతకుముందు చూడలేదు. మూతి తెల్లబడింది, నడుము వంగింది, అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచిస్తోంది.

పటేలు అరుగు మీద నుంచే అరిచాడు. "ఏందే మల్లవ్వా, పిల్లను తెమ్మంటే దాని తాతను తెచ్చినవ్?"

"మామూలు ఒక్క జీవమే గదా పటేలా. గిది జీవమే. నడుసుకుంటనే వచ్చింది, నేనేం ఎత్తుకరాలే."

"తహసీల్దారు సాబు ముసలాయన. నోట్ల పల్లు లేవు. దీని తొడ నమలనీకి నా పల్లే సాలవు."

"సాబుకు పల్లు లేవు, దీనికి పల్లు లేవు. ఇద్దరికి దోస్తీ మంచిగ కుదురుతది."

చుట్టూ ఉన్నవాళ్లు తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలాయన నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. పటేలు ముఖం ఎర్రబడింది. ఆ ఊళ్లో పటేలు ముందు నిలబడితే ప్రతి మాట చివరా బాంచెన్, అంటే నీ బానిసను, అనాలి. మల్లవ్వ ఒక్కసారి కూడా అనలేదు.

పటేలు లేచి నిలబడ్డాడు. "సరే. ఊరంత ఇనుండ్రి. రేపు పగటి పూట సాబు తినేటప్పుడు ముక్క మెత్తగున్నదా, ఈమె మంద జోలికి నేను రాను. ముక్కను సాబు ఉమ్మేసిండనుకో, పది పిల్లలు నా దొడ్లెకు వస్తయి. ఒక్కటి తక్కువైనా ఊకోను." ఆ పైన నా వైపు తిరిగాడు. "నర్సమ్మా, ఇన్నవా?"

"ఇన్న పటేలా."

"జర సోచాయించుకొని వండు."

ఆలోచించుకుని వండమన్న ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ముక్క గట్టిగా ఉండనివ్వు అని. నేను తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. కత్తి తీసుకుని దొడ్డి వైపు నడిచాను. పది పిల్లలు పోతే మల్లవ్వకు మిగిలేవి బక్క గొర్రెలు. ఆ తర్వాత ఆమె పరాయి మందలు కాయాల్సిందే.

మరునాడు తెల్లవారగానే ముల్లా వచ్చి పొట్టేలును కోశాడు. నేను తొడలు విప్పి చూశాను. మాంసం ముదురు ఎరుపు, కొవ్వు పసుపు, నరాలు నులక తాడులా ఉన్నాయి. పలుచగా, నరానికి అడ్డంగా కోశాను. ఆ కోతలోనే సగం పని ఉంటుంది. నరం పొడుగ్గా మిగిలితే ఏ కాయా దాన్ని ఏం చేయలేదు. కత్తి వెనక వైపుతో ప్రతి ముక్కనూ దంచాను. అల్లం నూరి రాశాను, అల్లానికి కూడా కొంచెం కొరికే గుణం ఉంది. ఇక బొప్పాయి కావాలి.

బొప్పాయి చెట్టు ఉన్నది పటేలు ఇంటి పెరట్లోనే. పటేలమ్మను అడిగితే ఆమె చెంపలు వేసుకుంది. "మా యశోద నీళ్లోసుకున్నది నీకు ఎరుక లేదా నర్సమ్మా? అయిదో నెల. పచ్చి కాయ పాలు ఇంట్ల కారుడంటే ఏందనుకున్నవ్? పెరట్ల ఒక్క కాయ తెంపనియ్య."

యశోద ఆమె కోడలు, పంతొమ్మిదేళ్ల పిల్ల, తొలి చూలు. కడుపుతో ఉన్న ఆడది పచ్చి బొప్పాయి తినకూడదని మా దగ్గర అందరికీ తెలుసు, అది నిజమే, నేనూ ఎవరినీ తిననివ్వను. పటేలమ్మ మాత్రం అక్కడితో ఆగకుండా, పాలు కంటబడినా కీడే అనుకునేది. నేను బతిమాలితే చివరికి, "నువ్వు పో, నేనే అవతల చాకలోళ్ల ఇంట్ల నూరిపిచ్చి పంపిస్త" అంది.

కాసేపటికి ఒక గిన్నె వచ్చింది, పైన ఆకు కప్పి. లోపల ముద్ద పచ్చగా పసుపులా ఉంది. కీడు పోవడానికి పసుపు కలిపానని పటేలమ్మ చెప్పి పంపింది. అక్కడే నేను తప్పు చేశాను. మా అత్త నేర్పిన పని ఒకటుంది. ముద్ద చేతికి రాగానే రెండు వేళ్ల మధ్య రుద్దాలి. పచ్చి కాయ ముద్దయితే వేళ్లు జారుడుగా అయి, కాసేపటికి చురచురమంటాయి. మన వేళ్ల తోలును కూడా అది కొరకడం మొదలుపెడుతుంది. అప్పుడే ఆ ముద్దకు ప్రాణముందని తెలుస్తుంది. ఆ రోజు పటేలు మాట తలలో తిరుగుతోంది. రుద్దలేదు. మాంసానికి పట్టించి మూత పెట్టేశాను.

ఈలోగా తహసీల్దారు వెంట తిరిగే జవాను వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. మాటకారి. "అమ్మా, మా సాబుకు హకీం గంజి తప్ప ఏం తినొద్దన్నడు. కడుపుల అగ్ని సల్లారిందట, మాంసం అరగదట. సాబు పొద్దున లేవంగనే హకీంను తిడ్తడు, గంజి తాగుకుంట తిడ్తడు, తాగినంక తిడ్తడు. పోయిన ఊర్ల ముక్క గట్టిగున్నదని పల్లెం ఇసిరికొట్టిండు."

ముసలి పొట్టేలు, ముసలి కడుపు. ఆయన నోట్లో నమలడానికి పళ్లు లేవు, పొట్టలో కరిగించడానికి అగ్ని లేదు. ఆ రెండు పనులూ ముందే నా గిన్నెలో జరిగిపోవాలి.

ఎండ బాగా ఎక్కాక మూత తీసి ఒక ముక్క మీద బొటనవేలి గోరు నొక్కాను. సరిగ్గా నానిన మాంసంలోకి గోరు వెన్నలోకి దిగినట్టు దిగాలి. అది దిగలేదు. ముక్క నా వేలిని వెనక్కి తోసింది. ఇంకో ముక్క నొక్కాను. అదీ అంతే. అప్పుడు గిన్నెలో మిగిలిన ముద్దను వేళ్ల మధ్య రుద్దాను. చురచుర లేదు, జారుడు లేదు. నాలుక మీద పెట్టుకుంటే పసుపు వెనక సన్నగా తీపి తగిలింది.

మల్లవ్వ గోడ పక్కన కూర్చుని నన్నే చూస్తోంది. "చెప్పక్కా, పోయినట్టేనా నా మంద?"

"ఇంక పోలే. జర ఆగు."

"నీ ముఖం జూస్తే పోయినట్టే ఉన్నది."

"నా ముఖం గిట్లనే ఉంటది, పుట్టినప్పటి సంది."

పటేలమ్మ దగ్గరికి పరుగెత్తాను. "అమ్మా, మీరు పంపిన కాయ పచ్చిదేనా?"

"అంచులు పసుపు తిరిగిన కాయ చూసి తెంపిపిచ్చిన. పాలు తక్కువుంటయ్ గదా, మా పిల్లకు కీడు ఉండదని. కాయ అయితేంది, పండయితేంది, చెట్టు ఒక్కటే గదా!"

ఆమెను ఏమనాలి? కోడలి మీద ప్రేమతో చేసింది. తప్పు నాది, రుద్ది చూడకపోవడం. ఆ మాట ఆమెతో కూడా అన్నాను. "తప్పు నాదే అమ్మా. ఇప్పుడు పచ్చి కాయ కావాలె. లేకుంటే మల్లవ్వ నెత్తి మీద బండ పడ్తది."

"నా కోడలి కడుపు మీద పడే బండ నీకు కనిపిస్తలేదా?" అని ఆమె పెరటి తలుపుకు అడ్డంగా నిలబడింది.

అప్పుడు లోపలి నుంచి యశోద వచ్చింది. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు, అత్త ముందు తల ఎత్తింది కూడా ఎవరూ చూడలేదు. ఆ రోజు ఎత్తింది.

"అత్తా, నేను ఆ కాయ తింటనా?"

"తినవు బిడ్డా, నేను తిననిస్తనా?"

"ముట్టుకుంటనా?"

"ముట్టవు."

"మరి చెట్టు మీదున్న కాయను నర్సమ్మ తెంపుకపోతే నా బిడ్డకేం అయితది? రోజు ఆ చెట్టు కింది నుంచే నేను నీళ్లు తెస్తున్న. నా పేరు చెప్పి మల్లవ్వ పిల్లలను తోలుకపోతే, ఆమె ఉసురు తగిలితే ఏం చేస్తవ్ అత్తా? పాల కంటే గది పెద్ద కీడు."

యశోద నా వైపు తిరిగి, "నేను ముంగట అర్రల కూసుంట. నువ్ పోయి తెంపుకో అక్కా" అని ముందు గదిలోకి వెళ్లిపోయింది. పటేలమ్మ తలుపు నుంచి పక్కకు జరిగింది, గొణుక్కుంటూనే.

అరచేయంత లేత కాయ ఒకటి ఎంచుకున్నాను. తొడిమ తెగగానే పాలు బొటబొటా కారాయి. కొంగుకు అంటకుండా ఆకు పట్టి ఆ పాలన్నీ గిన్నెలోకి పట్టుకున్నాను. గింజలు తెల్లగా ముత్యాల్లా ఉన్నాయి. పాలు ఎక్కువగా ఉండేది తొక్కలోనే, అందుకే తొక్కతో సహా నూరాను. ఈసారి రుద్దాను. వంద లెక్కపెట్టేలోపు వేళ్లు చురచురమన్నాయి. వేళ్లు మండితే అంతగా సంతోషించినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పట్టిన పాలు కలిపి ఆ ముద్దను ముక్కలన్నిటికీ పట్టించాను. కాని సమయం చాలదు. ముసలి మాంసానికి చల్లటి చోట మూడు ఘడియల పైనే కావాలి. నాకు ఒక ఘడియకు మించి లేదు. అప్పుడు మా అత్త చెప్పిన ఇంకో సంగతి గుర్తు చేసుకున్నాను. బొప్పాయి పాలు చల్లగా ఉంటే మందకొడిగా పని చేస్తాయి. జ్వరం వచ్చిన నుదురంత వెచ్చగా, ఇంకొంచెం పైగా ఉంటే పరుగెత్తుతాయి. మరీ కాలిపోతే చచ్చిపోతాయి. వెచ్చదనానికి ఆ ఊళ్లో కరువా? చావడి వెనక గుట్ట బండ పొద్దుటి నుంచి ఎండలో కాలుతోంది. చెయ్యి పెడితే చుర్రుమంటోంది. గిన్నె కింద తడి గోనె ఒక మడత వేసి, మూత పెట్టి బండ మీద ఉంచాను. పక్కనే కూర్చుని మాటిమాటికి గిన్నె అడుగున చెయ్యి పెట్టి చూశాను. ఎక్కువ వేడెక్కితే గోనె మీద నీళ్లు చల్లాను. మల్లవ్వ ముంతతో నీళ్లు అందిస్తూనే ఉంది.

గోరు నొక్కాను. దిగింది. ఇంకొంచెం ఉంచితే ముక్క ముక్కలా ఉండదు, పిండి ముద్ద అవుతుంది. వెంటనే తీసి మసాలా పట్టించాను. పలుచటి రాతి పలకను నిప్పుల మీద కాల్చి, నూనె రాసి, దాని మీద ముక్కలు పరిచాను. మంట పెంచకుండా నింపాదిగా కాల్చాను. ఆయన కడుపు గుర్తుంచుకుని కారం సగమే వేశాను.

తహసీల్దారు డేరా ముందు నీడలో కూర్చున్నాడు. నిజంగానే ముసలాయన, బుగ్గలు లోపలికి పోయాయి. పటేలు పక్కన నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఊరంతా దూరంగా నిలబడింది. మల్లవ్వ మాత్రం ముందుకు వచ్చి నిలబడింది. నేను పళ్లెం పెట్టాను.

సాబు మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చిగుళ్లతో అటు నొక్కాడు, ఇటు నొక్కాడు. కళ్లు మూసుకున్నాడు. ఉమ్మేస్తాడనుకుని పటేలు కొంచెం ముందుకు వంగాడు. సాబు మింగాడు. రెండో ముక్క తీసుకున్నాడు, మూడోది తీసుకున్నాడు. అయిదో ముక్క తర్వాత గాని ఆయనకు మాట్లాడాలనిపించలేదు.

"వాహ్! పటేల్, ఇంత మంచి మాంసం ఈ ఏడు నేను తినలే. ఏ జీవం ఇది?"

పటేలు ఒక్క క్షణం తడబడ్డాడు. "లేత పిల్ల హుజూర్. మీ కోసమని ఏరి తెప్పిచ్చిన."

నాకు ఊపిరి వచ్చింది. ముక్క మెత్తగా ఉందని సాబే అన్నాడు, పిల్లలు దక్కాయి. ఇక ఇంటికి పోతే సరిపోయేది. కాని మల్లవ్వ కదల్లేదు.

"అది పిల్ల కాదు సాబ్. నా ముసలి పొట్టేలు."

పటేలు కళ్లెర్రజేశాడు. "నోర్ముయ్ మల్లవ్వా."

"ఎందుకు మూస్త? ఈ దినం పిల్ల అని నువ్ అంటే, వచ్చే దౌరకు మళ్ల పిల్లనే కావాలంటవ్. మామూలు ఒక్క జీవం. ఏ వయసుదని ఎవ్వలు చెప్పలే. నేనిచ్చింది ముసలిది, సాబు తిన్నది ముసలిది. గది అందరి ముంగట తెలువాలె."

సాబు పళ్లెం పక్కన పెట్టి నన్ను చూశాడు. "వండింది నువ్వు. నువ్వు చెప్పు. పిల్లనా, ముసలిదా?"

పటేలు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో నా పొయ్యి వెలగాలా ఆరిపోవాలా అన్నది ఆయన చేతిలో ఉంది. పిల్ల అంటే నాకు ఏ నష్టమూ లేదు. మల్లవ్వకు కూడా ఆ రోజుకు నష్టం లేదు. నేను దొడ్డిలోకి పోయాను. పొట్టేలు తలకాయ ఇంకా అక్కడే ఉంది. కింది దవడ విరిచి, కడిగి, పళ్లెంలో పెట్టుకుని తెచ్చాను. జీవం వయసు దాని పళ్లు చెప్తాయి, గొర్రెలవాళ్లెవరిని అడిగినా చెప్తారు. ఆ దవడ ముందు భాగంలో మిగిలింది ఒక్క పన్ను, అదీ అరిగి గింజంత అయింది.

"నేను చెప్పుడెందుకు సాబ్, మీరే చూసుకోండ్రి" అన్నాను.

సాబు ఆ దవడను చాలాసేపు చూశాడు. తన చెంప తడుముకున్నాడు.

"అవతల పెట్టమ్మా" అన్నాడు చివరికి. "అద్దంల చూసుకున్నట్టున్నది."

మొదట నవ్వింది జవాను. ఆ తర్వాత సాబు నవ్వాడు. ఆయన నవ్వాక ఊరు నవ్వింది. సాబు పటేలు వైపు తిరిగాడు. ఆ ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు. "మీ ఊర్ల మామూలు ఏంది పటేల్?"

"ఒక్క జీవం హుజూర్."

"పిల్లనే ఇయ్యాలని ఉన్నదా?"

"గట్ల... ఏం లేదు హుజూర్."

"అయితే వాళ్లు ఏది ఇస్తే అది తీసుకో. ముసలిదాన్ని పిల్ల అని నాకు చెప్పినవ్, ఇగ రేపు నన్ను పడుచోడంటవ్. ఈమె మందను ముట్టకు." పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇగ ఈ సంగతి మా హకీంకు ఎవ్వలు చెప్పకుండ్రి."

మరునాడు డేరా ఎత్తేటప్పుడు జవాను నా దగ్గరికి వచ్చి, సాబు కడుపు నిమ్మళంగా ఉంది, రాత్రంతా హాయిగా పడుకున్నాడు, పొద్దున హకీంను తిట్టడం కూడా మరిచిపోయాడు అని చెప్పాడు. వెట్టి మాత్రం ఆగలేదు, ఒక్క ముసలాయన మాటతో ఆగేది కాదది. అయినా ఆ ఊళ్లో గొర్రెలవాళ్లు అప్పటి నుంచి తమకు ఇష్టమైన జీవాన్ని తామే తోలుకొచ్చి ఇచ్చారు. ఏరుకోవడానికి మందలోకి ఎవరూ దిగలేదు. యశోద వానలు తగ్గే రోజుల్లో ఆడపిల్లను కన్నది, గుండ్రాయిలాంటి పిల్ల. పటేలు మూడేళ్లు నన్ను ఏ వంటకూ పిలవలేదు, పిలవబోయిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లనూ పిలవనివ్వలేదు. ఆ మూడేళ్లు గడ్డి కోసి అమ్ముకున్నాను. ఏడ్చిన రోజులున్నాయి, అబద్ధమెందుకు? దవడ ఎందుకు తెచ్చానా అని ఏడ్చిన రోజు మాత్రం లేదు.

మా ఇంట్లో పైన కిరాయికి ఉండే అమ్మాయి మందుల కంపెనీలో పని చేస్తుంది, గుంటూరు వైపు పిల్ల. ఈ కథ విని, "అమ్మమ్మగారూ, ఆ పాలలో ఉండేదాన్ని ఎంజైమ్ అంటారండి. మాంసంలో ఉండే ప్రొటీన్ దారాలను కత్తెరలా కత్తిరిస్తుందండి" అంది. మన ఒంట్లో కూడా అలాంటి కత్తెరలు ఎన్నో ఉంటాయట. వయసు మీద పడితే కొన్ని చోట్ల మొద్దుబారతాయట, పాడైన సరుకు ఒంట్లో పేరుకుపోతుందట. కొన్ని చోట్ల, తోలు లోపల లాంటి చోట, ఆగకుండా ఆడుతూనే ఉంటాయట, ముడతలు పడేది కొంత అందుకేనట. "మరి ముసలోళ్లందరు గంజే తాగాల్నా బిడ్డా?" అని అడిగాను. "అలా ఏం లేదండి, ప్రొటీన్ ఇంకా ఎక్కువే కావాలండి, మెత్తగా చేసి పెట్టాలి" అంది. ఆ మాటకు ఆమెను ముద్దు పెట్టుకున్నాను.

ఆ వంట తర్వాత ఎవరి చేతిలో నూరిన ముద్దనూ రుద్ది చూడకుండా వాడలేదు, మా ఆయన నూరి ఇచ్చినా సరే. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి నేర్చుకున్నాను. ఎంత ముదిరిన మాంసాన్నయినా మెత్తబెట్టడం నా పని. ఎవరైనా అడిగినప్పుడు నిజాన్ని మెత్తబెట్టడం నా పని కాదు. పటేలు అడిగినా కాదు, తహసీల్దారు అడిగినా కాదు.

ఇంతసేపు కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ పొయ్యి ఎప్పుడూ ఆరిపోకూడదు. మీ ఇంట్లో పళ్లు రాని పిల్లలూ పళ్లు ఊడిన పెద్దలూ ఒకే వరసలో కూర్చుని కడుపునిండా తినాలి. మీ గడప మీద నిలబడి మీ సొమ్ము ఏరుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలకూడదు.